బీమా కంపెనీ పెట్టిన డాక్టరు: భోగరాజు పట్టాభి సీతారామయ్య

గ్రూప్స్‌కి ప్రిపేరవుతున్న సీనియర్లెవరినైనా పట్టాభి సీతారామయ్య ఎవరని అడగండి. 1939 కాంగ్రెస్ ఎన్నికలో సుభాష్ చంద్రబోస్ చేతిలో ఓడిపోయినాయన అని టక్కున చెప్తారు. ఒక మార్కు ప్రశ్న, ఒక ముక్క జవాబు. నిన్న మొన్నటిదాకా నాకు తెలిసిందీ అంతే.

మాది వీరపునాయునిపల్లె. వాన పడితే పంట, లేకపోతే లేదు. మా వైపు చాలా ఇళ్లలో బీరువా తెరిస్తే, పొలం పాస్‌పుస్తకం పక్కన ఎల్‌ఐసీ బాండు ఒకటి ప్లాస్టిక్ కవర్లో జాగ్రత్తగా పెట్టి ఉంటుంది. ఆ కాగితానికీ, ఆ ఓడిపోయిన పెద్దాయనకీ ఒక చుట్టరికం ఉంది. అదేంటో చెప్పడానికే ఈ వ్యాసం.

పట్టాభి 1880 నవంబర్ 24న గుండుగొలనులో పుట్టారు. ఇప్పటి ఏలూరుకి దగ్గరి పల్లె అది. తండ్రి ఊరి కరణం. పిల్లవాడికి నాలుగైదేళ్లు ఉన్నప్పుడే ఆయన చనిపోయారు. సంపాదించే మనిషి పోయిన ఇంట్లో పిల్లల్ని పెంచడం ఎంత కష్టమో ఆ తల్లికి తెలుసు, చూస్తూ పెరిగిన కొడుక్కీ తెలుసు. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, ముందుముందు పనికొస్తుంది.

లేమిలోనే చదువు సాగింది. మద్రాస్ క్రిస్టియన్ కాలేజీలో బీఏ, తర్వాత మెడిసిన్. 1906లో మచిలీపట్నంలో డాక్టరుగా ప్రాక్టీసు పెట్టారు. సరిగ్గా ఆ ఏడే మద్రాసులో ఆర్బత్‌నాట్ అనే ఇంగ్లీషువాళ్ల బ్యాంకు కుప్పకూలింది. వేలమంది దాచుకున్న డబ్బు ఒక్కసారిగా గల్లంతైంది. మన డబ్బు మన చేతుల్లోనే ఉండాలన్న ఆలోచన దక్షిణాదిలో గట్టిపడింది అప్పుడే. మరుసటేడు మద్రాసులో ఇండియన్ బ్యాంక్ పుట్టింది కూడా ఆ దెబ్బ తర్వాతే.

బందరులో పట్టాభికి ఇద్దరు గట్టి స్నేహితులు దొరికారు: కోపల్లె హనుమంతరావు, ముట్నూరి కృష్ణారావు. ముగ్గురూ కలిసి 1910లో ఆంధ్ర జాతీయ కళాశాల నిలబెట్టారు. 1916 నాటికి పట్టాభి డాక్టరు పనే మానేశారు. బాగా నడుస్తున్న ప్రాక్టీసుని ముప్పై ఆరేళ్ల వయసులో వదులుకోవడమంటే ఈరోజు మనం క్యాంపస్ ప్లేస్‌మెంట్ వదులుకోవడం కన్నా పెద్ద విషయమే. 1919లో జన్మభూమి అనే ఇంగ్లీషు వారపత్రిక మొదలుపెట్టారు.

అయితే జెండా పట్టుకుని ఊరేగితే చాలదని ఆయన లెక్క. 1923 నవంబర్‌లో మచిలీపట్నంలో ఆంధ్రా బ్యాంక్ స్థాపించారు. లక్ష రూపాయల చెల్లించిన మూలధనంతో మొదలైన బ్యాంకు అది. రెండేళ్లకు, 1925లో, అదే ఊళ్లో ఆంధ్రా ఇన్సూరెన్స్ కంపెనీ పెట్టారు.

బీమానే ఎందుకు? అంతకుముందు మన దేశంలో వ్యాపారం చేసిన ఇంగ్లీషు కంపెనీలు మొదట్లో భారతీయులకి పాలసీలే ఇచ్చేవి కావు. తర్వాత ఇచ్చినా అదనపు ప్రీమియం గుంజేవి. మనవాళ్లు తొందరగా పోతారని వాళ్ల లెక్క. 1870లో బొంబాయి మ్యూచువల్ వచ్చి, భారతీయుల ప్రాణానికీ మామూలు రేటే కట్టింది. స్వదేశీ ఉద్యమంతో అలాంటి కంపెనీలు ఊరూరా లేచాయి. పట్టాభిది ఆ వరసలో తెలుగునేల మీద వచ్చిన కంపెనీ.

ఇందులో మన ప్రాబబిలిటీ సబ్జెక్టే ఉంది. ఒక మనిషి ఎప్పుడు పోతాడో ఎవరూ చెప్పలేరు. వెయ్యిమందిలో ఏడాదికి ఎంతమంది పోతారో మాత్రం ఇంచుమించుగా చెప్పొచ్చు. అందరూ తలా కాస్త వేస్తే, ఆ పోయినవాళ్ల ఇళ్లు రోడ్డున పడవు. ఉప్పెనలు చూసిన బందరుకి ఈ మాట విడమరిచి చెప్పక్కర్లేదు. 1864 తుపానులో అక్కడ దాదాపు 30 వేలమంది చనిపోయారు. ఇక పట్టాభికి ఇది పుస్తకాల్లో చదివిన లెక్క కాదు. నాలుగైదేళ్ల వయసులో తండ్రిని పోగొట్టుకున్న పిల్లాడు పెద్దయ్యి పెట్టిన కంపెనీ ఇది. నాకైతే ఆయన జీవితం మొత్తంలో మనసుకి పట్టేసింది ఇదే.

మరోపక్క జైళ్లు తప్పలేదు. 1930 ఉప్పు సత్యాగ్రహంలో జైలుకెళ్లారు. 1935లో కాంగ్రెస్ స్వర్ణోత్సవానికి ఆ సంస్థ చరిత్ర రాశారు. మన సీమకీ ఆయనకీ లింకు 1937లో పడింది. ఆ నవంబర్‌లో మద్రాసులో కాశీనాథుని నాగేశ్వరరావు గారి ఇల్లు శ్రీబాగ్‌లో కోస్తా, రాయలసీమ నాయకులు చేసుకున్న ఒప్పందం మీద మన కడప కోటిరెడ్డి గారితో పాటు పట్టాభి కూడా సంతకం పెట్టారు.

1939లో ఆ ఓటమి. మౌలానా ఆజాద్ పోటీ నుంచి తప్పుకోవడంతో పట్టాభి బరిలో మిగిలారు. బోస్‌కి 1,580 ఓట్లు, ఈయనకి 1,377. ఆ ఓటమిని గాంధీ తనదిగా చెప్పుకోవడంతో అది చరిత్రలో ఇంకా గట్టిగా అచ్చుపడిపోయింది. 1942 నుంచి దాదాపు మూడేళ్లు నెహ్రూ, పటేల్‌లతో అహ్మద్‌నగర్ కోటలో బందీగా ఉన్నారు. 1948లో పురుషోత్తమదాస్ టాండన్ మీద గెలిచి కాంగ్రెస్ అధ్యక్షుడయ్యారు. ఈ గెలుపు మాత్రం మన బిట్ బ్యాంకుల్లో పెద్దగా కనపడదు.

ఇక అసలు మలుపు. 1956 జనవరి 19న కేంద్రం ఒక ఆర్డినెన్సుతో జీవిత బీమా మొత్తాన్ని తన చేతుల్లోకి తీసుకుంది. కొన్ని ప్రైవేటు కంపెనీలు జనం సొమ్ముని ఇష్టారాజ్యంగా వాడి మునిగిపోవడం అందుకు ఒక కారణం. సెప్టెంబర్ 1న 245 సంస్థలు కలిసి ఎల్‌ఐసీ అయ్యాయి. అందులో ఆంధ్రా ఇన్సూరెన్స్ కూడా ఒకటి. అప్పుడు పట్టాభి ఎక్కడున్నారో తెలుసా? మధ్యప్రదేశ్ గవర్నరుగా నాగపూర్ రాజభవనంలో. ఏ స్వరాజ్యం కోసం ప్రాక్టీసు వదిలి జైళ్లకి వెళ్లారో, ఆ స్వరాజ్యమే ఆయన పెట్టిన కంపెనీని తీసేసుకుంది. నష్టమనాలా, ఫలించిందనాలా? ఎవరో తెల్లదొర దయ మీద ఆధారపడకుండా మన జనం పొదుపు మన దేశంలోనే ఉండాలన్నది ఆయన కోరికైతే, అది తీరింది. కంపెనీ పేరు మాత్రం పోయింది.

1959 డిసెంబర్ 17న ఆయన కన్నుమూశారు. ఆంధ్రా బ్యాంక్‌ని 1980లో జాతీయం చేశారు. 2020 ఏప్రిల్ 1న అది యూనియన్ బ్యాంక్‌లో కలిసిపోయింది. మనలో కొందరి స్కాలర్‌షిప్ అకౌంట్ల పాస్‌బుక్కు మీద పేరు మారింది అప్పుడే. అలా రెండో పేరూ పోయింది.

పేర్లు పోయినా పని ఆగలేదు. మచిలీపట్నంలో ఎల్‌ఐసీ డివిజనల్ ఆఫీసు ఇప్పటికీ ఉంది. పల్లెల్లో ఇంటి పెద్ద పోయినప్పుడు ఆ ప్లాస్టిక్ కవర్లోని కాగితం పిల్లల చదువు ఆగకుండా చూస్తూనే ఉంది. ఈసారి సెలవులకి ఇంటికెళ్లినప్పుడు బీరువాలో ఆ బాండు కనపడితే, 203 ఓట్లతో ఓడిన ఆ బందరు డాక్టరుని ఒక్క నిమిషం తలుచుకోండి.