లండన్‌లో పురపాలక సభ్యుడిగా కృష్ణమీనన్

కీ.శే. వి.కె. కృష్ణమీనన్ రక్షణమంత్రిగా మన పెద్దలందరికీ తెలిసినవారే. అంతకు చాలా ముందే ఆయన లండన్‌లో పురపాలక సభ్యుడిగా పనిచేశారు.

1896లో జన్మించిన మీనన్ 1924లో ఇంగ్లండు వెళ్లారు. ఇండియా లీగ్ ద్వారా మన స్వాతంత్ర్యం కోసం అక్కడ ప్రచారం సాగించారు. 1934లో లండన్‌లోని సెయింట్ పాంక్రాస్ పురపాలక సంఘానికి లేబర్ పార్టీ తరఫున పోటీచేసి గెలిచారు. మన దేశాన్ని ఏలుతున్న వారి రాజధానిలో, అక్కడి ఓటర్లే ఒక భారతీయుణ్ణి ఎన్నుకోవడం విశేషం. 1947 వరకు ఆయన సభ్యుడిగా కొనసాగారు. గ్రంథాలయాల కమిటీ అధ్యక్షుడిగా పుస్తకాలు సామాన్య ప్రజలకు అందడానికి కృషిచేశారు. ప్రసిద్ధ నాటకకర్త బెర్నార్డ్ షా కూడా పూర్వం ఆ సంఘంలో సభ్యుడే. 1955లో సంఘం మీనన్‌కు గౌరవ పౌరుడి హోదా ఇచ్చి సన్మానించింది.

స్వదేశంలో 1957, 1962 ఎన్నికలలో బొంబాయి నుంచి లోక్‌సభకు గెలిచారు. 1962లో చైనాతో యుద్ధంలో ఎదురుదెబ్బలు తగలడంతో మంత్రిపదవి వదులుకోవలసి వచ్చింది. 1967లో కాంగ్రెస్ టిక్కెట్టు ఇవ్వకపోగా, స్వతంత్రుడిగా నిలబడి అదే బొంబాయిలో ఓడిపోయారు. అయినా వెనుదీయలేదు. స్వతంత్రుడిగానే 1969లో మేదినీపూర్ నుంచి, 1971లో తిరువనంతపురం నుంచి గెలిచారు. 1974 అక్టోబరు 6న కన్నుమూశారు.

సెయింట్ పాంక్రాస్ సంఘం 1965లో రద్దయి కామ్డెన్‌లో కలిసిపోయింది. దేశ స్వాతంత్ర్యం కోసం పోరాడుతూనే, ఊరి గ్రంథాలయం పనిని చిన్నదిగా చూడని మీనన్ తీరు మన పంచాయతీ సభ్యులకు ఆదర్శం కాదగినది.