శ్రీనికేతన సేవకుడు ఎల్మ్‌హర్స్టు

ఇంగ్లండు దేశమున యార్క్‌షైరు అను మండలము కలదు. అచ్చటి లాక్స్‌టన్ గ్రామమున 1893వ సంవత్సరము జూన్ 6వ తేదీన లియొనార్డు ఎల్మ్‌హర్స్టు జన్మించెను. అతని తండ్రి క్రైస్తవ మతాచార్యుడు, భూవసతి గల గృహస్థు. ఇల్లు పెద్దది, బిడ్డలు పెక్కురు. తండ్రి వలెనే తానును మతాచార్యుడు కావలెనని తలచి లియొనార్డు కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయమున చరిత్ర చదివెను. ఇంతలో 1914వ సంవత్సరపు మహాయుద్ధము వచ్చిపడెను. ఆ యుద్ధమున అతని సోదరులిద్దరు మరణించిరి. లియొనార్డు మాత్రము తుపాకి పట్టలేదు. సైనికులకు పరిచర్య చేయు వై.ఎం.సి.ఏ. సంఘము పక్షమున అతడు మెసొపొటేమియాకును, భారతదేశమునకును వెళ్లెను.

ఆ ప్రయాణము అతని జీవితమును మరియొక దారికి మరలించినది. అలహాబాదు చెంత యమునానదికి ఆవలి యొడ్డున నైనీ అను చోటు కలదు. అచ్చట శామ్ హిగిన్‌బాటమ్ అను క్రైస్తవ బోధకుడు 1910లో ఒక వ్యవసాయ విద్యాలయమును స్థాపించియుండెను. ఆయన ఒక వంక కుష్ఠరోగులకు ఆశ్రయమిచ్చుచు, మరియొక వంక సారము చచ్చిన నేలను బాగుచేసి చూపుచుండెను. ఎల్మ్‌హర్స్టు ఆ నేలను చూచెను, చుట్టుపట్ల రైతుల బీదతనమును చూచెను. ఆకలిగొన్న వానికి ఉపన్యాసము వలన ఫలమేమి అను సందేహము అతని మనస్సున నాటుకొనెను. మతాచార్యుడు కావలెనను తలంపు విడిచి, వ్యవసాయ శాస్త్రమును నేర్చుటకై అతడు 1919లో అమెరికాకు ఓడనెక్కెను.

అమెరికాయందలి కార్నెల్ విశ్వవిద్యాలయమున అతడు చేరెను. చేతిలో సొమ్ము చాలినంత లేదు. అందుచే చదువుకొనుచునే చిల్లర పనులు చేసి పొట్ట పోసికొనెను. ఆ కళాశాల పద్ధతి అతనిని మిక్కిలి ఆకర్షించినది. అచ్చటి ఆచార్యులు గదులలో కూర్చుండి పాఠములు చెప్పుటతో తృప్తి చెందక, రైతుల పొలములకు పోయి, వారి చిక్కులను విని, ఉపాయములు చెప్పుచుండిరి.

విశ్వవిద్యాలయమున వివిధ దేశముల విద్యార్థులు కలసి నడపుకొను సంఘమొకటి యుండెను. ఎల్మ్‌హర్స్టు దానికి అధ్యక్షుడు. సంఘము అప్పులపాలై యుండుటచే, డొరొతీ స్ట్రెయిటు అను సంపన్నురాలిని సహాయమడుగుటకై అతడు న్యూయార్కు వెళ్లెను. ఆమె భర్త పూర్వము కార్నెల్‌నందే చదివినవాడు, యుద్ధానంతరము ఫ్రాన్సులో వ్యాధిగ్రస్తుడై మరణించినవాడు. యాచించుటకు వచ్చిన ఈ యువకుడే అయిదేండ్ల పిదప తనను పరిణయమాడునని ఆనాడు ఆమె కలనైన తలచియుండదు.

రవీంద్రనాథ ఠాకూరు 1921వ సంవత్సరారంభమున న్యూయార్కులో ఉండెను. కవియని లోకమెల్ల ఆయనను పూజించుచుండెను. కాని ఆయన మనస్సును పీడించుచున్న విచారము కవిత్వమునకు సంబంధించినది కాదు. కుటుంబపు జమీందారీ వ్యవహారములు చూచుచు ఆయన పద్మానదీ తీరపు పల్లెలలో ఎన్నో యేండ్లు మెలగెను. రైతుల దుస్థితిని దగ్గరనుండి చూచినవాడగుటచే, కుమారుడైన రథీంద్రనాథుని వ్యవసాయ విద్యకై అమెరికాకు పంపెను. శాంతినికేతనము చెంత సురూల్ అను గ్రామమున ఒక భవనమును, కొంత భూమిని 1912లో కొనెను. అయినను పని సాగలేదు. కవి ఎల్మ్‌హర్స్టును పిలిపించి, తన ఆశ్రమము చుట్టునుగల పల్లెలు నానాటికి క్షీణించుచున్నవనియు, కారణమేమో తనకు బోధపడుట లేదనియు, వచ్చి ఆ పల్లెలలో నివసించి కారణము కనిపెట్టవలెననియు కోరెను. ఆ పనికి వలయు ధనము కవియొద్ద లేదు. డొరొతీ ఆ లోటును తీర్చుటకు అంగీకరించెను. ఈ విధముగా బెంగాలు పల్లెల కొఱకు భారతీయ కవి సంకల్పము, ఆంగ్లేయ యువకుని శ్రమ, అమెరికా మహిళ ధనము ఒకచోట చేరినవి.

1921వ సంవత్సరము నవంబరులో ఎల్మ్‌హర్స్టు శాంతినికేతనము చేరెను. 1922 ఫిబ్రవరి 6వ తేదీన సురూల్‌నందు గ్రామ పునర్నిర్మాణ సంస్థ ప్రారంభమాయెను. శ్రీనికేతనమను పేరు దానికి తరువాత వచ్చినది. దేశమంతట సహాయ నిరాకరణోద్యమము చెలరేగుచున్న దినములవి. పల్లెవాసి తెల్లవానిని చూచిన, చూచినది కచేరీలలోనే. అట్టివాడొకడు తమ పొలము గట్లమీద నడచుచు, ఎరువును గూర్చి ప్రశ్నించుచుండగా వారు నమ్ముటెట్లు?

శాంతినికేతనము నుండి సుమారు పదిమంది విద్యార్థులు అతని వెంట సురూల్‌నకు వచ్చిరి. అందరును చదువుకొన్న కుటుంబముల బిడ్డలే. వారికి నేర్పిన మొదటి పాఠము దుక్కి కాదు, విత్తనము కాదు. మరుగుదొడ్డి బొక్కెనలను ఎవరెత్తవలెనను ప్రశ్న ముందు వచ్చెను. ఆ పనిని ఒక కులమువారికే విడిచి, వారిని అంటరానివారనుట దేశాచారము. ఇచ్చట అట్టివారిని నియమింపలేదు. తోటలో కందకము త్రవ్వి, మలమును అందు పోసి, మన్ను కప్పి, ఎరువు చేయవలెనని ఎల్మ్‌హర్స్టు చెప్పెను. కుర్రవాండ్రు ఒకరి మొగమొకరు చూచుకొనిరి. వారు వెనుదీసినయెడల పని అచ్చటనే ఆగిపోయెడిది. ఏలయన, తాము చేయని పనిని రైతులకు బోధించిన నవ్వులపాలగుదురు. అతడు వారిని కోపింపలేదు, బలవంతపెట్టలేదు. తానే పారను, బొక్కెనను చేతబట్టెను. కేంబ్రిడ్జిలో చదివినవాడు ఆ పని చేయుచుండగా చూచుచు నిలుచుట వారికి సిగ్గనిపించి యుండును. క్రమముగా వారును చేయి కలిపిరి. కొంతకాలమునకు కూరగాయల తోట ఆ ఎరువుతోనే పెరిగినది. అటుపిమ్మట తోళ్లు పదును చేయు పనియు, నేతయు వచ్చినవి. తోలు ముట్టుట అగ్రకులములవారికి మరుగుదొడ్డి కంటె తక్కువ పరీక్ష కాదు.

రవీంద్రుడడిగిన ప్రశ్నకు ఎల్మ్‌హర్స్టు వెదకిన సమాధానము మూడు కారణములుగా తేలెను. మొదటిది కోతులు. రైతు పెంచిన కాయకూరలను అవి కొల్లగొట్టుచుండెను, భక్తిచే ఎవరును వాటిని చంపుటకు ఒప్పుకొనరు. రెండవది మలేరియా. మూడవది, అన్నిటికంటె కఠినమైనది, పరస్పరము నమ్మకము లేకుండుట. హిందువు ముసల్మానును నమ్మడు, ఒక వాడవారు మరియొక వాడవారిని నమ్మరు, సంతాలుల మాట ఎవరికిని పట్టదు. ఊరిలోని చెరువు పూడిపోయిన, ఎవరి వాటా ఎవరు త్రవ్వవలెనని వాదులాడుకొనుటయే గాని పార ఎత్తువాడుండడు.

మలేరియా సంగతి కొంచెము వివరింపదగినది. అది దోమల మూలమున వ్యాపించునని రొనాల్డు రాస్ అను వైద్యుడు 1897లో మన సికింద్రాబాదుననే కనుగొనియుండెను. పాతికేండ్లు గడచినను ఆ జ్ఞానము సురూల్ వంటి పల్లెలకు చేరలేదు. అచ్చట జ్వరము దైవికమనియే జనుల నమ్మకము. పంట కోయవలసిన దినములలో రైతు చలితో వణకుచు మంచము పట్టును. పని చెడును, అప్పు పెరుగును, నేల చేయి జారును. వ్యవసాయము, ఆరోగ్యము, విద్య అనునవి వేర్వేరు శాఖలని పట్టణములలోని కచేరీలవారు తలచుచుండిరి గాని, రైతు యింట అవి ఒకే ముడి.

ఆ ముడిని విప్పుటకు పలువురు చేతులు కలిపిరి. కాళీమోహన్ ఘోష్ ఊరూర తిరిగి జనులతో కలసిమెలసి మాటాడెను. గ్రెచెన్ గ్రీన్ అను అమెరికా వనిత వచ్చి వైద్యశాలను తెరచెను. పల్లె బాలురను వ్రతీబాలకులను పేర సంఘములుగా కూర్చి, నిలువ నీటిని తొలగించుట, పొదలను నరకుట, నిప్పంటుకొన్నపుడు ఆర్పుట మొదలైనవి నేర్పిరి. పెద్దలకెన్నడు కుదరని ఐకమత్యము పిల్లలకు కుదరినది. అన్యకులస్థుని గడప తొక్కని తండ్రి, తన కుమారుడు ఆ యింటి మంటలార్పి వచ్చినపుడు ఏమనగలడు?

1922 జులై నెలలో కలకత్తాయందు, రవీంద్రుని అధ్యక్షతన, ఎల్మ్‌హర్స్టు భూమి దోపిడిని గూర్చి ఉపన్యసించెను. పల్లె నేలనుండి సారమెల్ల ధాన్యరూపమున పట్టణమునకు పోవుచున్నదనియు, పట్టణము తిరిగి ఏమియు పంపుట లేదనియు అతని వాదము. 1924లో పేద గ్రామీణ బాలుర కొఱకు శిక్షాసత్రమను పాఠశాల స్థాపింపబడెను. తోటపని, చేతిపనులు, పరిశుభ్రత అచ్చటి పాఠములు. తరువాత 1927లో అది శ్రీనికేతనమునకు చేరెను.

సంస్థ తన చేతులలోనే యుండవలెనని ఎల్మ్‌హర్స్టు ఎన్నడు కోరలేదు. పరదేశీయుడు ఎల్లకాలము నాయకుడుగా నున్నచో గ్రామసేవకులు ఎదుగరని అతడు గ్రహించి, రెండేండ్లు దాటినంతనే భారతీయులైన సహచరులకు బాధ్యత నప్పగించెను. 1924లో రవీంద్రుని వెంట చైనా, జపాను దేశములకును, పిదప అర్జెంటీనాకును పోయెను. 1925 ఏప్రిలులో డొరొతీని వివాహమాడెను. శ్రీనికేతనమునకు వారి ధనసహాయము పెక్కేండ్లు సాగినది. ఇట్లు విదేశ ధనముపై ఆధారపడుట సంస్థకు ఒక బలహీనతయే యని చెప్పక తప్పదు. ఆశించినంత వేగముగా పల్లెలు మారనూ లేదు. అయినను 1930 తరువాతి సంవత్సరములలో గ్రామస్థులే కొద్దికొద్దిగా చందాలు వేసికొని వైద్యుని పోషించుకొను ఆరోగ్య సహకార సంఘములు అచ్చట వెలసినవి. కాళీమోహన్ ఘోష్ 1940లో కన్నుమూయువరకు ఆ పల్లెలను విడువలేదు.

ఇంగ్లండున డెవన్ మండలమందు డార్టింగ్టన్ అను శిథిలమైన పురాతన భవనమును, దాని భూములను 1925లో కొని, ఆ దంపతులు సురూల్ పాఠములను స్వదేశపు రైతులకై ఉపయోగింప బూనిరి. పాఠశాల, పొలములు, అడవులు, పరిశ్రమలు అచ్చట ఒక్కటిగా నడచెను. 1929లో వివిధ దేశముల వ్యవసాయార్థిక శాస్త్రజ్ఞులు అచ్చటనే తొలిసారి సమావేశమైరి. బెంగాలును 1943వ సంవత్సరపు ఘోరక్షామము దహించిన పిదప, ఎల్మ్‌హర్స్టు మరల వచ్చి అచ్చటి ప్రభుత్వమునకు వ్యవసాయ విషయములలో సలహాదారుగా పనిచేసెను. బ్రిటిషు ప్రభుత్వము ఇవ్వజూపిన బిరుదును అతడు స్వీకరింపలేదు.

1968లో డొరొతీ మరణించెను. ఎల్మ్‌హర్స్టు 1974వ సంవత్సరము ఏప్రిల్ 16వ తేదీన అమెరికాలో తనువు చాలించెను. సురూల్ నాటి అతని దినచర్యను మరుసటి యేట విశ్వభారతి గ్రంథముగా ప్రకటించినది. సంస్థ పుట్టిన ఫిబ్రవరి 6వ తేదీని పురస్కరించుకొని శ్రీనికేతనమున ఏటేట మాఘమేళా జరుగుచుండును. చుట్టుపట్ల పల్లెల రైతులు తాము పండించిన కాయగూరలను తెచ్చి అచ్చట ప్రదర్శనకు ఉంచుదురు.