నౌకాదళాధిపతి శ్రీ రామదాస్ కటారి

రేపల్లె సీమలోని నిజాంపట్నము రేవునకు 1611లో ఇంగ్లీషు కంపెనీవారి గ్లోబ్ అను ఓడ వచ్చెను. ఈ తీరమున తెలుగువారు నావలు కట్టిరి, సరకులు నడపిరి. కాని బ్రిటిషు ప్రభుత్వకాలమున యుద్ధనౌకపై ఆజ్ఞ యిచ్చు అధికారము చిరకాలము పరదేశీయుల చేతనే యుండెను. స్వతంత్ర భారత నౌకాదళమున ఆ అధికారమును శిఖరస్థానమున చేపట్టిన తొలి భారతీయుడు తెలుగువాడు. ఆయనయే శ్రీ రామదాస్ కటారి.

వీరు 1911 అక్టోబరు 8వ తేదీన చెంగల్పట్టులో తెలుగు కుటుంబమున జన్మించి, హైదరాబాదు ప్రాంతమున విద్యాభ్యాసము చేసిరి. భారతీయ బాలురను వర్తక నౌకాధికారులుగా తీర్చుటకు 1927లో బొంబాయియందు డఫరిన్ అను శిక్షణనౌక నెలకొల్పబడెను. అందు చేరిన మొదటి జట్టులో కటారి ఒకరు. శిక్షణానంతరము ఉత్తమ విద్యార్థిగా వైస్రాయి స్వర్ణపతకమును పొందిరి.

పతకము లభించినను యుద్ధనౌక లభింపలేదు. వారు కలకత్తా రేవు కొలువున హుగ్లీనదీ సర్వే శాఖలో ప్రవేశించిరి. కృష్ణ ముఖద్వారమున ఇసుకమేటలు వేయుటను ఎరిగిన మనకు ఆ పని ఎట్టిదో వేరుగా చెప్పనక్కరలేదు. నిన్న లోతుగా నున్న చోట నేడు మేట లేచును. ఓడ అడుగు తగిలెనా, వెలలేని సరకు, ప్రాణములు ప్రమాదమున పడును. కావున పడవపై తిరుగుచు లోతులు కొలిచి పటములు దిద్దుట నిత్యకృత్యము. పేరు తేని ఈ చాకిరిలో వారు దాదాపు పదేండ్లు గడపిరి. నీటిని నమ్మరాదను జాగ్రత్త వారికి అచ్చటనే అలవడి యుండవలెను.

1939లో యుద్ధము రాగా స్వచ్ఛంద నౌకాదళమున చేరి, జలాంతర్గాములను పసికట్టి ఎదుర్కొను విద్యలో ప్రత్యేక నైపుణ్యము గడించిరి. 1956లో భారత నౌకాసముదాయమునకు తొలి భారతీయ నాయకులైరి.

సేనకు 1949లోను, విమానదళమునకు 1954లోను భారతీయులు అధిపతులైరి. నౌకాదళము మాత్రము 1958 ఏప్రిల్ 22 వరకు వేచియుండెను. స్వాతంత్ర్యము వచ్చునాటికి మన నౌకాధికారులు కొలదిమంది, అందును చిన్నహోదాలవారు; పెద్దనౌకలను నడపిన అనుభవము ఒక్కనాట చేకూరునది కాదు. ఆ దినమున కార్లిల్ దొర నుండి కటారి పదవిని స్వీకరించిరి.

వీరి హయాములో 1961 మార్చి 4న బెల్‌ఫాస్ట్‌లో విమానవాహకనౌక విక్రాంత్ మన దళమున ప్రవేశించెను. పేదదేశమునకు ఇంత ఖరీదైన ఓడ యేల యను సందేహము సహజమే. దానికి సమాధానము 1971లో బంగాళాఖాతమున లభించెను. 1961 డిసెంబరులో గోవా విమోచనమందును మన నౌకలు పాల్గొనెను. అంజదీవ్ ద్వీపమున ఏడుగురు నావికులు నేలకొరిగిరి.

1962 జూన్‌లో వీరు పదవీవిరమణ చేసిరి. అటుపిమ్మట ఆంధ్రప్రదేశ్ రోడ్డురవాణా సంస్థకు అధ్యక్షులైరి. సముద్రమున నౌకలు నడపినవారు పల్లెబాటలపై బస్సులు నడిపించుట వింతయే! తదుపరి బర్మాలో భారత రాయబారిగా పనిచేసిరి. వార్ధక్యమున తమ స్మృతులను ఇంగ్లీషున గ్రంథముగా రచించిరి. 1983 జనవరి 21న సికింద్రాబాదున కన్నుమూసిరి.