ఫిడేలు నాయుడుగారు

మన గ్రంథాలయము ఇరువదియైదు వత్సరములు పూర్తి చేసికొన్న ఈ శుభసమయమున సంచికకు ఒక వ్యాసము వ్రాయుమని కార్యవర్గమువారు నన్ను కోరిరి. ఆయవ్యయముల లెక్కలు వ్రాయుటయందు ఆరితేరిన చేతికి సంగీతవిద్వాంసుని చరిత్ర వ్రాయు అర్హత కలదా యని కొంత సంశయించితిని. నేను సంగీతమును గురుముఖమున నేర్చినవాడను కాను. కాని ఈ గ్రంథాలయపు బల్లలయొద్ద కూర్చుండి కావ్యములను నాయంతట నేను చదువుకొన్నవాడను. బడిచదువు చాలని మనుజుడు విద్వాంసుడు కాగలడా యను ప్రశ్న నన్ను చిరకాలము వేధించినది. ఆ ప్రశ్నకు నాకు దొరకిన సమాధానములలో ద్వారం వేంకటస్వామినాయుడుగారి జీవితము మొదటిది. అందుచేత దానినే చదువరుల ముందుంచుచున్నాను.

నాయుడుగారు 1893వ సంవత్సరము నవంబరు 8వ తేదీన, దీపావళి పర్వదినమున, బెంగుళూరులో జన్మించిరి. తండ్రిగారైన వేంకటరాయుడుగారు సైన్యమునందు ఉద్యోగి. బాలుడు పెరిగినది మాత్రము విశాఖపట్టణమున. దీపముల పండుగనాడు పుట్టిన ఆ బిడ్డకు కన్నులలోని వెలుగు తక్కువ. చూపు మందగించుటచే బడిచదువు ముందుకు సాగలేదని చెప్పుదురు. పలకమీది అక్షరము సరిగా కానరాని బాలుని భవిష్యత్తును గూర్చి ఆ యింటివారెంత దుఃఖించియుందురో మనము ఊహించుకొనవచ్చును. ఆ కాలమున చదువు లేనివానికి నౌకరీ లేదు. చూపు లేనివానికి చేతిపని కూడ కష్టమే.

అట్టి స్థితిలో అన్నగారైన వేంకటకృష్ణయ్యగారు తమ్మునిచేతికి ఫిడేలునిచ్చి పాఠము చెప్పిరి. కన్ను చేయలేని పనిని చెవియు వ్రేళ్లును చేయసాగినవి. ఈ వాద్యమునకు వీణవలె మెట్లు లేవు. స్వరస్థానము ఎచ్చట నున్నదో తంత్రిమీద గుర్తు ఏదియు ఉండదు. వెండ్రుకవాసి తప్పినను అపస్వరము పలుకును. దానిని కనిపెట్టవలసినది చెవియే. కనుక ఈ వాద్యము చూపున్నవానికిని లేనివానికిని సమానముగా కఠినమైనది. ఆ సమానత్వమే బాలుని పాలిట వరమైనదని నాకు తోచుచున్నది.

ఫిడేలు మన దేశమున పుట్టినది కాదు. పాశ్చాత్యులతో వచ్చినది. ముత్తుస్వామి దీక్షితులవారి తమ్ముడు బాలుస్వామి దీక్షితులవారు దానిని అభ్యసించి కర్ణాటక సంగీతమునకు అనువుగా మలచిరి. పాశ్చాత్యులు నిలుచుండి గడ్డముక్రింద దానిని అదిమి వాయింతురు. మనవారు నేలమీద బాసికపట్టు వేసికొని, వాద్యపు తలను కుడికాలి మడమకు ఆనించి వాయింతురు. అందువలన ఎడమచేయి స్వేచ్ఛగా పైకి క్రిందికి జారి గమకములను పలికింపగలదు. ఇట్లు మనదైనను ఫిడేలు చిరకాలము గాయకుని ప్రక్కవాద్యముగానే యుండెను. గాయకుడు పాడినదానిని వెంటనే అనుసరించుట దాని ధర్మము. దానికి ప్రత్యేకముగా సభ కూడునని తలచినవారు అరుదు.

ఇక నాయుడుగారి జీవితమును మలుపు త్రిప్పిన ఘట్టము. 1919లో విజయనగర మహారాజు విజయరామ గజపతివారు తమ పట్టణమున సంగీతకళాశాలను స్థాపించిరి. ఆస్థానోద్యోగి యొకరి అంధుడైన కుమారునికి సంగీతము నేర్పించు ఏర్పాటు కావలసివచ్చుటయే ఈ కళాశాల పుట్టుకకు మూలమని ప్రతీతి. హరికథాపితామహులైన ఆదిభట్ల నారాయణదాసుగారు ప్రథమాధ్యక్షులైరి. ఇరువదియారేండ్ల నాయుడుగారు అందు విద్యార్థిగా చేరవలెనని వెళ్లిరట. పరీక్షింపగోరి వారి వాద్యమును విన్న పెద్దలు, ఈతడు నేర్చుకొనవలసినవాడు కాడు, నేర్పవలసినవాడని నిశ్చయించి ఫిడేలు ఆచార్యునిగా నియమించిరని చెప్పుదురు. దరఖాస్తు ఒకటి, ఉత్తరువు మఱియొకటి! పట్టా చూపుమని అడుగక విద్యను చూపుమని అడిగిన ఆ పెద్దల వివేకమును మనము మెచ్చుకొనవలెను. ఆనాడు వారు కాగితమునే కోరియుండినచో, ఆంధ్రదేశము ఒక మహావిద్వాంసుని కోల్పోయియుండెడిది.

1936లో నారాయణదాసుగారి తరువాత నాయుడుగారే ఆ కళాశాలకు అధ్యక్షులైరి. అంధబాలుని నిమిత్తము పుట్టిన కళాశాలకు మందదృష్టి గల గురువు పెద్దయగుట విధి కూర్చిన చిత్రము. తరువాతి కాలమున సినిమా గాయకులుగా ఇంటింట వినబడిన ఘంటసాల వేంకటేశ్వరరావుగారు కూడ ఆ కళాశాల విద్యార్థియే. నాయుడుగారి కుమార్తె మంగతాయారుగారు తండ్రివద్దనే విద్య నేర్చి ప్రసిద్ధ ఫిడేలు విద్వాంసురాలైరి. గురువుయొక్క ఆస్తి శిష్యులే యన్న మాట ఈ వంశమునందు సార్థకమైనది.

నాయుడుగారి వాదనమునందలి విశేషమేమన, కమానును మొదటినుండి తుదివరకు నిండుగా నడిపించుట. కమాను తెగకుండ సాగినప్పుడు నాదము గొంతుకనుండి వెలువడు పాటవలె నిరంతరముగా ప్రవహించును. పాశ్చాత్యుల కమాను పద్ధతిని వారు శ్రద్ధతో గమనించిరి, మంచిని గ్రహించిరి. కాని రాగము మాత్రము మనదే, గమకము మనదే. పరాయి పనిముట్టుతో సొంత పంటను పండించినట్లు వారు వాయించిరి.

1938లో వేలూరునందు వారు గాయకుడు లేకుండ ఫిడేలునే ప్రధానముగా నుంచి కచేరీ చేసిరి. ఇట్టి కచేరీలలో ఇదియే మొదటిదని పలువురి అభిప్రాయము. ఇందులో ఎంత సాహసము కలదో యోచింపుడు. పాటకు మాట కలదు. మాటకు అర్థము కలదు. సామాన్యశ్రోత సాహిత్యమును పట్టుకొని సంగీతములోనికి ప్రవేశించును. మాట లేని నాదముతో గంటలకొలది సభను కూర్చుండబెట్టుట యెట్లు? సభ లేచిపోయినచో ఆ నింద ఒక్క నాయుడుగారిది కాదు, ఆ వాద్యమునకే తగిలెడిది. సభ లేచిపోలేదు. నాటినుండి ఫిడేలు గాయకుని ప్రక్కనేగాక వేదిక నడుమ కూర్చుండుటకును అర్హమైనది.

గ్రామఫోను రికార్డులకును వారు వాయించిరి. ఆ కాలపు రికార్డునకు ఒక్కొక్క ప్రక్క సుమారు మూడు నిమిషములే అవధి. గంటసేపు విస్తరింపదగిన రాగమును మూడు నిమిషములలో ఇముడ్చుట, ఒక కావ్యకథను ఒక్క పద్యములో చెప్పుటవంటిది. వ్యర్థమైన స్వరమొకటి పడినను చోటు చాలదు. లెక్కలవాడనగుటచే నాకీ పొదుపు మిక్కిలి నచ్చినది.

బిరుదములు వారిని వెదకికొనుచు వచ్చినవి. 1941లో మదరాసు సంగీత విద్వత్సభకు అధ్యక్షులై సంగీతకళానిధి యైరి. ఆంధ్రవిశ్వకళాపరిషత్తు కళాప్రపూర్ణ బిరుదమునిచ్చెను. 1953లో సంగీత నాటక అకాడమీ పురస్కారమును, 1957లో పద్మశ్రీయు లభించినవి. 1952లో జగత్ప్రసిద్ధుడైన పాశ్చాత్య ఫిడేలు విద్వాంసుడు యెహూదీ మెనూహిన్ మదరాసునకు వచ్చి, ప్రధానన్యాయమూర్తి పి.వి. రాజమన్నారుగారి గృహమున నాయుడుగారి వాద్యమును విని మిక్కిలి ప్రశంసించెను. ఈ వాద్యము ఎవరినుండి మనకు వచ్చినదో వారిలో అగ్రగణ్యుడే వచ్చి, మనవారి చేతిలో అది పలికిన తీరునకు ముగ్ధుడాయెను. ఋణము వడ్డీతో తీరినట్లే గదా!

ఇంత కీర్తి వచ్చినను జనులు వారిని ఆప్యాయముగా ఫిడేలు నాయుడుగారనియే పిలిచిరి. అంధుల సహాయార్థము వారు కచేరీలు చేసిరి. చీకటి బాధ నెరిగినవాడే ఇతరుల చీకటికి దీపము పట్టగలడు. 1964వ సంవత్సరము నవంబరు 25వ తేదీన, 71 ఏండ్ల వయస్సున, వారు పరమపదించిరి. శతజయంతి వత్సరమైన 1993లో భారత తపాలాశాఖవారు వారి చిత్రముతో తపాలాబిళ్ళను వెలువరించిరి.

చదువరులారా! మన గ్రామమున పరీక్ష తప్పి బడి మానిన బాలురు కలరు. దేహమున ఏదో లోపము కలదని మూల కూర్చుండబెట్టిన బిడ్డలును కలరు. వారిని చూచి నిట్టూర్చుటకు ముందు, వారి చేతికి ఏ విద్య అందునో ఒకమారు పరిశీలింతము. వేంకటకృష్ణయ్యగారివంటి అన్న ఒక్కడు ఇంట నున్న చాలును. అట్టి అన్న లేని ఇంటికి ఈ గ్రంథాలయమే అన్న కావలెను. కార్యవర్గమువారికి నాదొక మనవి: ప్రతి సంవత్సరము దీపావళినాటి సాయంకాలమున ఈ మందిరమునందు నాయుడుగారి వాద్యమును ఒక గంటసేపు వినిపించు ఏర్పాటు చేయుదురుగాక. వినుటకు రుసుము అక్కరలేదు, అక్షరజ్ఞానమును అక్కరలేదు. వినగోరు మనస్సొకటి చాలును.