ఇటలీని ఇరవై ఏళ్లు ఎదిరించిన ఖుర్ఆన్ ఉస్తాద్ ఉమర్ ముఖ్తార్

ఉమర్ ముఖ్తార్ 1860 ప్రాంతంలో తూర్పు లిబియాలో పుట్టారు. చిన్నతనంలోనే యతీమ్ అయ్యారు. జగ్బూబ్‌లోని సనూసీ మదర్సాలో చదువుకుని, పిల్లలకు ఖుర్ఆన్ నేర్పుతూ ఒక జావియాకు షేఖ్ అయ్యారు. జావియా అంటే మదర్సా, మస్జిద్, ముసాఫిర్‌ఖానా అన్నీ కలిసిన చోటు.

1911లో ఉస్మానియా సల్తనత్ చేతిలోంచి లిబియాను లాక్కోవడానికి ఇటలీ దండెత్తింది. అప్పటికే ఆయనకు యాభై దాటాయి. ఈ వయసులో మనవాళ్లు రిటైర్మెంట్ లెక్కలు వేసుకుంటారు. ఆయన తుపాకీ పట్టారు. 1922 చివర్లో సనూసీ నాయకుడు ఇద్రీస్ ఈజిప్టుకు వెళ్లిపోయాక, జబల్ అఖ్దర్ కొండల్లో పోరాట భారమంతా ఈయన మీదే పడింది.

చిన్న చిన్న దళాలు. గుర్రాల మీద వచ్చి దెబ్బకొట్టడం, కొండల్లో కలిసిపోవడం. ముసోలినీ సైన్యం దగ్గర విమానాలున్నా పట్టుకోలేకపోయింది. 1929లో సంధి మాటలు నడిచాయి, కొన్ని నెలలకే చెడిపోయాయి.

1930లో జనరల్ గ్రాజియానీ వచ్చాడు. అసలు సంగతి అతనికి అర్థమైంది. పగలు లొంగిపోయినట్టు కనిపించే కబీలాల జనమే రాత్రి ముజాహిదీన్‌కు తిండి, గుర్రాలు, డబ్బు అందిస్తున్నారు. యుద్ధం తుపాకులతో నడుస్తుందనుకుంటాం గానీ, సరఫరా ఆగితే తుపాకీ మోసేవాడు ఎన్నాళ్లు నిలబడతాడు? అందుకే జనాన్నే కొండల నుంచి ఖాళీ చేయించాడు. దాదాపు లక్ష మందిని, ఆడవాళ్లు, పిల్లలు, ముసలివాళ్లతో సహా, సులూఖ్, అగైలా వంటి చోట్ల ముళ్లకంచెల క్యాంపుల్లోకి తోలారు. ఆకలి, జబ్బులతో వేలకు వేల మంది చనిపోయారు. పశువుల మందలు నాశనమయ్యాయి. ఈజిప్టు సరుకు రాకుండా సరిహద్దు వెంట సుమారు 270 కిలోమీటర్ల కంచె వేశారు. జావియాలు మూసేసి ఆస్తులు జప్తు చేశారు.

అయినా ఆయన లొంగలేదు. ఆ మొండితనానికి మూల్యం చెల్లించింది క్యాంపుల్లోని కుటుంబాలు. అలాగని ఆ పాపం ఆయన ఖాతాలో రాయడం న్యాయం కాదు, కంచెలు వేసింది ఇటలీ.

1931 సెప్టెంబర్ 11న స్లోంటా దగ్గర ఆయన గుర్రం కూలిపోయింది, దొరికిపోయారు. 15న బెంఘాజీలో విచారణ. ఆయన తరఫున వాదించిన ఇటలీ కెప్టెన్ లొంటానో ఈయన్ను యుద్ధఖైదీగా చూడాలన్నాడు. ఆ వాదనకు అతనికే శిక్ష పడింది. ఆ మర్నాడు సులూఖ్‌లో, సుమారు ఇరవై వేల మంది ఖైదీలను బలవంతంగా నిలబెట్టి, వాళ్ల కళ్ల ముందే డెబ్బై దాటిన షేఖ్‌ను ఉరితీశారు.

కొన్ని నెలలకే పోరాటం అణిగిపోయింది. లిబియాకు స్వాతంత్ర్యం 1951 డిసెంబర్ 24న వచ్చింది. ఈజిప్టుకు వెళ్లిన ఇద్రీసే రాజయ్యారు. పది దీనార్ల నోటు మీద బొమ్మ మాత్రం ఉమర్ ముఖ్తార్‌ది.