చెవికి పాట నేర్పిన కాపరి: జాన్ కర్వెన్

కరీంనగర్, ఆదిలాబాద్ ప్రాంతముల సంఘములలో మన పెద్దలు పుస్తకము చూచి పాడినది తక్కువ, విని పాడినదే ఎక్కువ. అక్షరము రాని తల్లులు సైతము కీర్తనలను పల్లవి మొదలు కడపటి చరణము వరకు కంఠస్థము చేసిరి. నేడు ఆలయములలో కీబోర్డులు వచ్చినవి. మన పిల్లలు కొందరు పియానో గ్రేడు పరీక్షలకు కూర్చుండుచున్నారు. ఇది సంతోషమే. అయినను ఆరాధన నడుమ కరెంటు పోయి కీబోర్డు ఆగగానే సంఘము పాటయు ఆగిపోవుట మేము చూచితిమి. కావున ఈ శతవార్షిక సంచికలో జాన్ కర్వెన్ అను దైవసేవకుని జీవితమును జ్ఞాపకము చేయుచున్నాము.

ఆయన 1816 నవంబరు 14న ఇంగ్లండులో యార్క్‌షైరు ప్రాంతమందలి హెక్మాండ్‌వైక్‌లో జన్మించెను. తండ్రివలె తానును కాంగ్రిగేషనల్ సంఘ కాపరి ఆయెను. ఆయన సంగీత విద్వాంసుడు కాడు. స్వరలిపి చూచి పాడుట ఆయనకు ఎంతో కష్టముగా నుండెను. అట్టివానికే 1841లో హల్ నగరమున జరిగిన సండేస్కూలు ఉపాధ్యాయుల సభ ఒక పని అప్పగించెను: పిల్లలకు, సంఘమునకు పాట నేర్పుటకు అన్నిటికంటె సులువైన పద్ధతిని వెదకి చెప్పవలెను.

నార్విచ్‌లో సారా గ్లోవర్ అను ఉపాధ్యాయిని అప్పటికే అట్టి పద్ధతిని నడుపుచుండెను. ఆమె గ్రంథము 1835లో వెలువడినది. కర్వెన్ దానిని మొదట తన మీదనే ప్రయోగించి, తానును పాడగలనని తెలిసికొనెను. పిమ్మట దానిలో మార్పులు చేసి 'టానిక్ సోల్ఫా' అను పేర వ్యాపింపజేసెను. ఆ మార్పులన్నియు ఆమెకు రుచింపలేదు. అయినను మూలము ఆమెదేనని ఆయన దాచలేదు.

ఈ పద్ధతి మనకు క్రొత్త కాదు. మన గాయకుడు తన గొంతుకు తగిన శ్రుతిలో షడ్జమము నిలుపుకొని మిగిలిన స్వరములను దానినిబట్టి పాడును గదా. అట్లే ఇందులో 'డో' ఎక్కడ నిలిపిన అక్కడినుండి రే, మీ, ఫా, సో, లా, టీ నడుచును. ఒక్కొక్క స్వరమునకు ఒక్కొక్క అక్షరము చాలును, ఖరీదైన వాద్యము అక్కరలేదు. తరువాత ఆయన చేతి సంజ్ఞలు కూడ చేర్చెను.

నేర్చినవారికి ఆయన మెట్టు మెట్టుగా యోగ్యతాపత్రము లిచ్చెను. అభ్యర్థి జ్ఞాపకమునుండి పాడవలెను, చూడని పాటను చూచి పాడవలెను, వినిన స్వరము ఏదో చెప్పవలెను. 1889లో స్థాపింపబడిన అసోసియేటెడ్ బోర్డు వారి పియానో పరీక్షలలోను వ్రేళ్ల పనితో పాటు వినికిడి పరీక్ష యున్నది. పిల్లలు దానిని చివరివారమునకు వాయిదా వేయుదురు. కర్వెన్‌కు మాత్రము చెవియే మొదటి పాఠము.

1853లో సోల్ఫా సంఘము, 1869లో కళాశాల ఏర్పడెను. మిషనరీల ద్వారా ఈ పద్ధతి మడగాస్కరుకు, దక్షిణాఫ్రికాకు చేరెను. ఆయన 1880 మే 26న మాంచెస్టరులో కన్నుమూసెను.

ప్రియులారా, మన పిల్లలు గ్రేడులు సంపాదింతురు గాక. అయితే వాద్యము సంఘమునకు తోడుగా నుండవలెనే గాని సంఘము నోరు మూయరాదు. వారమున కొక్క కీర్తననైనను వాద్యము లేకుండ, ఒకరినొకరము వినుచు పాడుదము. పాట రాదని వెనుక బల్లపై కూర్చున్న సహోదరుని కూడ పిలువుదము. పాడలేని కాపరియే గదా లోకమునకు పాడుట నేర్పినది!