యజమానిని ఒప్పించిన డాక్టరమ్మ

నారాయణఖేడ్ నుంచి పటాన్‌చెరు వైపు ఫ్యాక్టరీ కొలువులకు వెళ్లే కుర్రాళ్లు వినే మాట సేఫ్టీ ఆఫీసర్. ఫ్యాక్టరీలో భద్రతనూ, కార్మికుడి ఆరోగ్యాన్నీ కలిపి చూసే ఈ పనికి దారి వేసినవారిలో ముందు చెప్పుకోవాల్సిన పేరు అమెరికా డాక్టర్ ఆలిస్ హామిల్టన్.

ఆమె 1869లో న్యూయార్క్‌లో పుట్టారు. 1893లో మిషిగన్ యూనివర్సిటీ నుంచి వైద్య పట్టా అందుకున్నారు. 1897 నుంచి షికాగోలోని హల్ హౌస్ సేవాకేంద్రంలో ఉంటూ కూలీల బతుకులను దగ్గర్నుంచి చూశారు. 1910లో ఇల్లినాయ్ రాష్ట్రం వృత్తి జబ్బులపై సర్వేను ఆమెకు అప్పగించింది. సరైన లెక్కలే లేవు. దాంతో ఆసుపత్రుల రికార్డులు తిరగేశారు, కార్మికుల ఇళ్లకే వెళ్లి అడిగారు. సీసం దుమ్ము, పొగ పీల్చడమే అసలు ముప్పని తేల్చారు.

తమ ఫ్యాక్టరీలో ఆ జబ్బు ఉందంటే నేషనల్ లెడ్ కంపెనీ ఉపాధ్యక్షుడు ఎడ్వర్డ్ కార్నిష్ నమ్మలేదు. ఆమె గొడవకు దిగలేదు. ఆసుపత్రి పాలైన 22 మంది వివరాలు ముందుంచారు. ఆయన దుమ్ము, పొగ అరికట్టే ఏర్పాట్లు చేయించి, కార్మికులను పరీక్షించేందుకు డాక్టర్లనూ పెట్టారు.

1919లో హార్వర్డ్‌లో తొలి మహిళా అధ్యాపకురాలయ్యారు. అయినా స్నాతకోత్సవ ఊరేగింపులో నడవనివ్వలేదు. 1935లో రిటైరయ్యేదాకా ప్రమోషనూ లేదు. 1970 సెప్టెంబరులో, 101 ఏళ్ల వయసులో కన్నుమూశారు. మూడు నెలలకే అమెరికాలో కార్మిక భద్రత, ఆరోగ్య చట్టం వచ్చింది.

సేఫ్టీ డిప్లొమా చేసేవాళ్లు ఆమె పద్ధతినీ నేర్చుకోవాలి: షిఫ్టు దిగిన మనిషిని పలకరించాలి, దొరికిన ఆధారాన్ని యజమాని టేబుల్ మీద పెట్టాలి.